కరోనా కాలపు జమాఖర్చుల పుస్తకం చెప్పిన పాఠం



మేము నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో ఇరవై ఏళ్లకు పైగా గణితం చెబుతున్నాం. తెలిసిన విషయం నుంచి తెలియని విషయానికి వెళ్లాలని మాకు బి.ఎడ్.లో నేర్పారు. కాబట్టి ఈ వ్యాసాన్ని మాకు బాగా తెలిసిన ఒక వస్తువుతో మొదలుపెడతాం. అది మా ఇంటి జమాఖర్చుల పుస్తకం. పెళ్లయిన నాటి నుంచి మా శ్రీమతి రోజూ రాత్రి అందులో రెండు మూడు వరుసలు రాస్తారు. నెలాఖరున కూడిక మేము వేస్తాం.

2020 సంవత్సరపు పుస్తకాన్ని ఈ మధ్య మళ్లీ తెరిచి చూశాం. ఆ రోజులను చాలామంది మరచిపోవాలనుకుంటున్నారు. కానీ దానధర్మాల బాధ్యత మోసే మనవంటి వారు వాటిని మరచిపోకూడదని ఆ పుస్తకం చూశాక మాకు అనిపించింది. అందులోని అంకెలు మా ఒక్క ఇంటివే అయినా, అవి చెప్పే పాఠం సహాయం చేసే ప్రతి చేతికీ పనికొస్తుంది.

మేము తయారుచేసిన జాబితా

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. 24వ తేదీ రాత్రి దేశమంతటికీ లాక్‌డౌన్ ప్రకటన. ఏప్రిల్‌లో మా వీధికి రెండు వైపులా కట్టెలు అడ్డం కట్టారు. ఏప్రిల్ 25న రంజాన్ మొదలైంది. మస్జిద్‌లో అజాన్ వినిపించేది, కానీ సఫ్‌లు లేవు. తరావీహ్ ఇంట్లోనే చదువుకున్నాం. మా అమ్మగారు తన జీవితంలో అలాంటి రంజాన్ చూడలేదన్నారు.

మా వీధిలో బీడీలు చుట్టే ఇళ్లు ఎక్కువ. తునికాకు, తంబాకు రావడం ఆగిపోగానే ఆడవాళ్ల చాటలు గోడకు ఆనించి ఉండిపోయాయి. ఆటోలు ఇంటి ముందు నిలిచిపోయాయి. గల్ఫ్ నుంచి నెలనెలా డబ్బు వచ్చే ఇళ్లలో ఫోను మాత్రమే వచ్చేది, "ఇక్కడ మాకూ పని లేదు" అని.

మన సొసైటీ పెద్దలు అప్పుడు మాకు ఫోన్ చేసి, వీధిలో అవసరమున్న వారి జాబితా తయారుచేయమన్నారు. మాస్టారు కాబట్టి అందరి సంగతీ తెలుస్తుందని వారి నమ్మకం. మేము 22 ఇళ్ల పేర్లు రాసి పంపాం. బియ్యం, కందిపప్పు, నూనె, చక్కెర, చాయ్‌పత్తా, ఖర్జూరం, సేమ్యాతో కిట్లు వచ్చాయి. యువకులు మాస్కులు కట్టుకుని ఇంటింటికీ తీసుకెళ్లి ఇచ్చారు. అల్లాహ్ వారందరికీ ప్రతిఫలం ప్రసాదించుగాక.

ఆ జాబితాలో మా పేరు లేదు. ఉండాలన్న ఆలోచన కూడా అప్పుడు మాకు రాలేదు. మార్చి నెలకు సగం జీతం వచ్చింది. ఏప్రిల్‌లో రాలేదు, మే నెలలో రాలేదు. ఫీజులు రానిదే జీతాలు ఇవ్వలేమని పాఠశాల వారు చెప్పారు. అయినా మేము ఇచ్చేవాళ్లమే కానీ పుచ్చుకునేవాళ్లం కాదన్న అలవాటు మనసులోంచి అంత త్వరగా పోదు.

రంజాన్ చివరి పది రోజుల్లో ఒక రాత్రి ఇషా తరువాత ఎవరో తలుపు తట్టారు. పక్క గల్లీలో బీడీలు చుట్టే ఒక ఆపా, వెనకాల సంచి మోస్తూ ఆమె కొడుకు. మేము రాసిన జాబితాలో ఆమె పేరు మూడోది.

"మాస్టర్ సాబ్, మా ఇంటికి మూడు చోట్ల నుంచి సామాను వచ్చింది. మీ ఇంటికి ఒక్కసారి కూడా రాలే. రెండు నెలల నుంచి మీ బడి బందే కదా. ఇది ఉంచుకోండి" అంది.

మాకు నోట మాట రాలేదు. మా శ్రీమతి ముందుకు వచ్చి సంచి అందుకుని, ఆమెను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఆమె వెళ్లాక మేమిద్దరం చాలాసేపు ఆ సంచి వైపు చూస్తూ కూర్చున్నాం. జకాత్ సొమ్ముతో కొన్న సామాను మేము తినవచ్చా అన్నది మా సందేహం. మరునాడు మౌలానా సాబ్‌కు ఫోన్ చేస్తే ఆయన హజ్రత్ బరీరా (రజి) సంఘటన గుర్తుచేశారు. ఆమెకు సదఖాగా వచ్చిన మాంసం విషయంలో దైవప్రవక్త (స), అది ఆమెకు సదఖా అని, ఆమె మనకు ఇస్తే అది మనకు కానుక అని తెలియజేశారు. "మీ పొరుగామె మీకు కానుక ఇచ్చింది, సంతోషంగా తినండి" అన్నారు మౌలానా సాబ్.

వీధిలో అందరి సంగతీ తెలిసినవారు మాస్టారని పెద్దలు అనుకున్నారు. నిజానికి బాగా తెలిసింది ఆ బీడీలు చుట్టే ఆపాకు.

పన్నెండింట ఒక వంతు

ఇక లెక్కలోకి వద్దాం. జూలై 2020 పేజీలో మా శ్రీమతి రాసిన ఖర్చులు ఇవి. ఇంటి అద్దె 4,500. అమ్మగారి బీపీ, షుగర్ మందులు 1,150. పాలు, కూరగాయలు 2,200. బియ్యం కాక మిగతా కిరాణా 2,600. గ్యాస్ 650. కరెంటు 480. రెండు ఫోన్ల రీచార్జి 500. మామూలు రోజుల్లో అయితే వీటికి 25 కిలోల బియ్యం, 1,100 రూపాయలు కలుస్తుంది. మొత్తం 13,180.

ఇందులో బియ్యం వాటా ఎంత? పన్నెండింట ఒక వంతు.

ఈ లెక్క మేము తరగతిలో పిల్లలతో కూడా చేయించాం. చాలామంది మూడో వంతు, సగం అని చెప్పారు. పెద్దవాళ్లను అడిగినా అలాగే చెబుతారు. ఆకలి అంటే మనకు అన్నమే గుర్తుకు వస్తుంది. కానీ ఆ ఏడాది అన్నిటికంటే తక్కువ కొరత ఉన్నది బియ్యానికే. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డున్న ఇంట్లో తలకు 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. మా అయిదుగురికి 60 కిలోలు వచ్చాయి. జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు కేంద్రం నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. దానికి తోడు కిట్లు. కొన్ని ఇళ్లలో బియ్యం మూటలు పెట్టుకోవడానికి చోటు లేకపోయింది.

అదే ఇళ్లలో గ్యాస్ బండకు డబ్బు లేదు. ఇన్సులిన్‌కు లేదు. అద్దెకు లేదు. మా వీధిలోనే ఒకాయన వచ్చిన బియ్యాన్ని తక్కువ ధరకు అమ్మి భార్య మందులు కొన్నాడు. అది తెలిసి కొందరు, "పుణ్యానికి ఇచ్చిన బియ్యం అమ్ముకున్నాడు" అని తప్పుపట్టారు. తప్పు ఆయనది కాదు. ఆయనకు కావలసింది ఒకటి, మనం ఇచ్చింది ఒకటి.

సెప్టెంబర్ 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. కాలేజీ పిల్లలకు ఆన్‌లైన్ తరగతులు. మా అమ్మాయి అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. ఆమె ఫోను కోసం 8,500 పెట్టవలసి వచ్చింది. పుస్తకంలో ఆ అంకె కింద మా శ్రీమతి గీత గీసి, "ఎక్కడి నుంచి?" అని రాసుకున్నారు. జమా వైపు ఆ నెలలో ఉన్నది ఆమె కుట్టిన జాకెట్ల కూలి ఒక్కటే.

కష్టం రంజాన్‌తో అయిపోలేదు

మే 25న ఈద్. ఆ తరువాత కిట్లు ఆగిపోయాయి. అది సహజమే. దాతలు తమ జకాత్ రంజాన్‌లోనే ఇచ్చేశారు. సంఘాల దగ్గర ఉన్నదంతా ఆ నెలలోనే ఖర్చయింది. కానీ కష్టం క్యాలెండరు చూసి రాదు. మొదటి రెండు నెలలు మనుషులు దాచుకున్నది తిన్నారు. చుట్టాలు కొంత ఆదుకున్నారు. ఇంటి యజమానులు కూడా అద్దె అడగలేదు. జూలై వచ్చేసరికి దాచింది అయిపోయింది, చుట్టాలకు కూడా లేకుండా పోయింది, అద్దె బాకీ మూడు నెలలకు చేరింది.

బ్యాంకు కిస్తుల మీద రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం మొదట మూడు నెలలు, తరువాత ఆగస్టు 31 వరకు. మేము కూడా బండి కిస్తు 1,800 ఆపుకున్నాం. కానీ వాయిదా వేరు, మాఫీ వేరు. ఆపిన నెలలకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తరువాత కానీ అర్థం కాలేదు.

ఆగస్టులో మా శ్రీమతి తన మూడు తులాల గొలుసు తీసి బల్ల మీద పెట్టారు. దాన్ని కుదువ పెట్టి 60,000 తెచ్చాం. అద్దె బాకీ, ఫోను, మందులు, అమ్మాయి ఫీజు అన్నీ అందులోనే గడిచాయి. గొలుసు విడిపించేసరికి 20 నెలలు పట్టింది. వడ్డీ కింద 9,000 కట్టాం. వడ్డీ పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడం కూడా మనకు నిషిద్ధమని తెలిసి కట్టిన సొమ్ము అది. ఆ పుస్తకంలో మేము మళ్లీ చూడటానికి ఇష్టపడని వరుస అదొక్కటే. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక.

మరి సొసైటీని ఎందుకు అడగలేదని మీరు అనవచ్చు. నిజమే, అడగలేదు. జాబితా రాసిన చేత్తో అందులో మా పేరు రాయలేకపోయాం. ఆ బిడియం మా తప్పే. కానీ అడిగినా ఏం జరిగేదో ఆలోచించండి. జకాత్‌కు అర్హత చూడాలి. నిసాబ్ లెక్క ఉంది: బంగారమైతే ఏడున్నర తులాలు, వెండి అయితే యాభై రెండున్నర తులాలు. బంగారంతో పాటు కొద్దో గొప్పో నగదు కలిస్తే వెండి లెక్కే చూడాలని మన హనఫీ ఉలమాలు చెబుతారు. ఆ లెక్కన మూడు తులాల గొలుసున్న మా శ్రీమతికి జకాత్ తీసుకునే దారి లేదు. ఇంట్లో గ్యాస్‌కు డబ్బు లేకపోయినా సరే. జకాత్ తీసుకునేంత పేదవారు కారు, వడ్డీ లేకుండా గడుపుకునేంత ఉన్నవారూ కారు. ఉర్దూలో వీరినే సఫేద్‌పోష్ అంటారు. బట్టలు తెల్లగా ఉంటాయి, డబ్బాలు ఖాళీగా ఉంటాయి. అడగని పేదలను తెలియనివాడు కలవారని భ్రమపడతాడని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో మనకు ముందే హెచ్చరిక ఉంది.

ఇటువంటి వారికి కావలసింది దానం కాదు. వడ్డీ లేని అప్పు, అంటే ఖర్జె హసనా. 60,000 అప్పుగా దొరికి ఉంటే మేము ఆ 20 నెలల్లోనే తీర్చి ఉండేవాళ్లం. ఎందుకంటే 9,000 వడ్డీతో సహా తీర్చాం కదా! ఆ సొమ్ము సొసైటీకి తిరిగి వచ్చి ఇంకొకరికి పనికొచ్చేది.

ఉద్దెర ఇచ్చిన సేటు

ఖర్జె హసనా అంటే ఏమిటో మాకు ఆచరణలో చూపించినది మా వీధి చివర కిరాణా సేటు. ఆయన మన మతస్థుడు కాదు. జూన్ నుంచి మాకు ఉద్దెర ఇచ్చాడు. ఒక్కొక్కప్పుడు బాకీ 14,600 దాకా పోయింది. ధర ఒక్క రూపాయి ఎక్కువ వేయలేదు. పది మంది ముందు ఒక్కసారి కూడా అడగలేదు. పిల్లవాణ్ని పంపితే, "మీ నాన్నకు చెప్పు, బడి తెరిచినంక చూద్దాం" అని సామాను కట్టి ఇచ్చేవాడు. మా సహోద్యోగులు నలుగురికి కూడా అక్కడే ఖాతా. వారిలో ఒక హిందీ పండితుడు ఆ రోజుల్లో కూరగాయల బండి నడిపాడు.

అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వాలని, వదిలేస్తే మరీ మేలని అల్ బఖరా సూరాలో బోధ ఉంది. మేము ఆ ఆయతులను ఎన్నోసార్లు చదివాం. సేటు వాటిని చదవలేదు, కానీ చేసి చూపించాడు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. కొంత జీతం వచ్చింది, కొంత బాకీ తీర్చాం. మార్చి 24 నుంచి బడులు మళ్లీ మూతపడ్డాయి. ఏప్రిల్ నుంచి ప్రైవేటు ఉపాధ్యాయులకు ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. మే నెలలో రెండో విడత జోరుగా ఉన్నప్పుడు సేటు ఆసుపత్రిలో చేరాడు. ఆక్సిజన్ పెట్టారని తెలిసింది. అప్పటికి మా బాకీ 9,000 ఉంది. ఆ నెల వచ్చిన 2,000 చేతికి అందగానే మా శ్రీమతి, "ముందు ఇది వారింట్లో ఇచ్చి రండి" అన్నారు. మేము, ఖాతా ఉన్న మిగతా నలుగురం ఉన్నంత పోగుచేసి ఆయన కొడుకు చేతికిచ్చాం. మొత్తం 11,500. ఆసుపత్రి ఖర్చు ముందు అది ఏ మూలకు? అయినా అప్పు ఇచ్చినవాడికి కూడా ఒకరోజు అవసరం వస్తుందని, పుచ్చుకున్నవాడు దాన్ని గుర్తుపెట్టుకోవాలని ఆ రోజు మాకు తెలిసింది. అల్లాహ్ దయవల్ల ఆయన కోలుకున్నాడు. ఇప్పటికీ మా కిరాణా అక్కడే.

అప్పుగా ఇస్తే తిరిగి రాదని కొందరి భయం. మా మొహల్లాలోనే ఒక వృద్ధ దంపతులు 2020లో హజ్‌కు ఎంపికయ్యారు. ఆ ఏడాది భారతదేశం నుంచి హజ్ యాత్ర లేదని జూన్‌లో ప్రకటించి, కట్టిన డబ్బు తిరిగి ఇచ్చారు. వారు అందులోంచి ఇద్దరు ఆటో డ్రైవర్లకు ఫైనాన్స్ కిస్తుల కోసం తలా 15,000 అప్పుగా ఇచ్చారు. కాగితం రాసుకున్నారు, ఇద్దరు సాక్షులను పెట్టుకున్నారు. రెండేళ్లలో మొత్తం తిరిగి వచ్చింది. ఆటోలు కూడా డ్రైవర్ల దగ్గరే మిగిలాయి.

మనం చేయదగిన పనులు

పాఠం చివర అభ్యాసం ఉండాలి. దాతలైన మీ ముందు మా చిన్న మనవులు ఇవి.

1. జకాత్ అంతా ఒక్క నెలలో ఖర్చు చేయవద్దు. ఎవరి సంపదకు ఏడాది ఎప్పుడు నిండితే వారి జకాత్ అప్పుడు విధి అవుతుంది. విధి అయినదాన్ని ఆలస్యం చేయకూడదు. కానీ రాబోయే ఏడాది జకాత్‌ను ముందుగానే నెలనెలా ఇవ్వడానికి ఉలమాలు అనుమతి ఇస్తారు. కొందరు దాతలైనా అలా ఇస్తే సొసైటీ చేతిలో పన్నెండు నెలలూ డబ్బు ఉంటుంది.

2. వస్తువుల కంటే నగదుకు ప్రాధాన్యం ఇవ్వండి. పన్నెండు వంతుల్లో ఏ వంతు ఖాళీగా ఉందో ఆ ఇల్లాలికే తెలుస్తుంది.

3. ఖర్జె హసనా నిధిని విడిగా ఏర్పాటు చేద్దాం. జకాత్ సొమ్ము హక్కుదారుకు సొంతం చేసి ఇవ్వవలసింది కాబట్టి దాన్ని అప్పుల నిధిలో కలపకూడదు. సదఖా, విరాళాలతో ఈ నిధి నడపాలి. ప్రతి అప్పూ రాసుకోవాలి. అప్పు రాసుకొమ్మని చెప్పే ఆయతే ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైనది. రాసుకోవడం అపనమ్మకం కాదు, ఆజ్ఞాపాలన.

4. జాబితాను ఒక్కరి చేత రాయించవద్దు. వీధిలోని ఆడవాళ్లను అడగండి. పట్టణంలోని మస్జిద్‌లు, సంఘాలు ఒకే జాబితా పెట్టుకుంటే ఒక ఇంటికి మూడు సంచులు, ఒక ఇంటికి సున్నా అనే పరిస్థితి రాదు.

5. ఇచ్చేటప్పుడు ఫోటో తీయవద్దు. లెక్క చూపడానికి రసీదు చాలు. ఫోటో తీస్తారన్న భయంతో తలుపు తీయని ఇళ్లు మాకు తెలుసు.

6. ప్రతి ఇంట్లో జమాఖర్చుల పుస్తకం ఉండేలా పిల్లలకు నేర్పుదాం. రెండు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము విడిగా దాచుకోవడం అలవాటు చేద్దాం. మేము ఇరవై ఏళ్లు గణితం చెప్పి కూడా ఈ పని చేయలేదు.

ఆ ఆపా ఇప్పటికీ బీడీలు చుడుతోంది. కార్ఖానా నుంచి ఆకు వచ్చిన రోజే ఆమెకు పని. పోయిన రంజాన్‌లో మన సొసైటీ జాబితా కోసం మేము మళ్లీ వీధిలో తిరిగాం. ఈసారి ముందు ఆమె ఇంటికి వెళ్లి, కాగితం ఆమె ముందు పెట్టి, "ఎవరి పేర్లు రాయాలో మీరు చెప్పండి ఆపా" అన్నాం. ఆమె చాట పక్కన పెట్టి, మేము ఎన్నడూ ఊహించని మూడు ఇళ్ల పేర్లు చెప్పింది. అందులో ఒక ఇంటి ముందు కారు ఉంది.

ఇచ్చే చేతులకు అల్లాహ్ బరకత్ ప్రసాదించుగాక. అడగలేని వారిని గుర్తించే చూపును మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.